పాత బండి మీద మాటలు

మా ఇంటి వరండాలో రెండు మోటారు సైకిళ్లు ఉంటాయి. ఒకటి కొత్తది. దాని సీటు మెత్తన, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది, గుంతలో పడ్డా నడుముకు తెలియనివ్వదు. రెండోది మా పెళ్లయిన రెండో ఏట మందమర్రిలో కొన్నది. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోస్తే తప్ప కదలదు, పొద్దున పూట పది కిక్కులు కొట్టించుకుంటుంది, నడిచినంతసేపూ నీలం పొగ వదులుతుంది. ఇంటికి వచ్చినవాళ్లు చాయ్ తాగుతూ దాని వైపు చూసి, ఇదింకా ఎందుకు పెట్టుకున్నవని అడుగుతారు.

నేను మనిషిని బట్టి జవాబు చెబుతాను. ఒకరికి పాత ఇనుము గట్టిదని చెబుతాను. ఇంకొకరికి అమ్మితే ఏం వస్తుందిలే అంటాను. వాళ్లు నవ్వి వెళ్లిపోతారు. అసలు సంగతి నాకూ, మా ఆమెకూ, మా బామ్మర్దికీ తప్ప ఎవరికీ తెలియదు.

కొత్త బండి కొనిపించింది మా బిడ్డ. బొగ్గు గనిలో వంగి వంగి నడిచిన నా నడుము రిటైరయ్యాక కూడా నిటారుగా కాలేదు. పాత బండి మీద కరీంనగర్ నుంచి జగిత్యాల పోయి వస్తే రెండు రోజులు మంచం మీదే ఉండేవాణ్ణి. అది చూడలేక షోరూముకు తీసుకుపోయింది, కొనిపించింది, హెల్మెట్ కూడా తనే పెట్టింది. మొదటిసారి దాని మీద మానేరు కట్ట దాకా పోయిన పొద్దు కలలో పోయినట్టే ఉంది. బండి నడుస్తోందని తెలియలేదు. చెట్లు వెనక్కి పోతున్నాయి కాబట్టి నేను ముందుకు పోతున్నానని అనుకోవాలి. చేతులకు వణుకు లేదు, తొడలకు వేడి లేదు, చెవులకు ఏమీ లేదు. ఈ చివరిది కూడా బండి గొప్పతనమే అనుకున్నాను.

నా చెవుల గురించి కొంచెం చెప్పాలి. గనిలో నేను సర్దార్‌ను. షిఫ్టు మొదట్లో అందరికన్నా ముందు లోపలికి పోయి, పని జరిగే చోట నెత్తి మీద ఉన్న బండను పొడుగాటి కర్రతో తట్టి చూడటం నా పని. గట్టిగా ఉన్న బండ ఖంగుమంటుంది. లోపల ఊడి, ఎప్పుడైనా కింద పడదామని చూసేది డొల్లగా పలుకుతుంది. ఈ రెండింటి మధ్య ఎన్నో రకాల చప్పుళ్లు ఉంటాయి, అవి ఒకరు చెబితే వచ్చేవి కావు. నేను తట్టి, విని, వెనక్కి తిరిగి టోపీ లైటుతో తల ఊపితే మనుషులు లోపలికి వచ్చేవాళ్లు. ఊపకపోతే ఎంత పెద్ద ఆఫీసరు చెప్పినా కదిలేవాళ్లు కాదు. గని కాలనీలో నన్ను చెవుల సర్దార్ అని ఎక్కిరించేవాళ్లు. ఆ ఎక్కిరింపు వింటే నాకు లోలోపల సంబరంగా ఉండేది.

పాత బండి ఆ రోజులది. మా ఆమె తల్లిగారి ఊరు ఉట్నూర్ పక్కన. సెలవు దొరికితే చాలు, లక్సెట్టిపేట, జన్నారం మీదుగా అడవిలోంచి పోయేవాళ్లం. చలికాలం పొద్దున టేకు చెట్ల మధ్య మంచు ఎంత దట్టంగా ఉండేదంటే, మా బండి పొగ ఏదో, మంచు ఏదో తెలిసేది కాదు. ఆమె ఒక పక్కకు కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, గడ్డం నా ఎడమ భుజం మీద ఆనించేది. బండి మోతకు మామూలుగా మాట్లాడితే వినపడదు. నోరు చెవి దగ్గర పెట్టి గట్టిగా అనాలి. అట్లా అందరిలో అనలేని మాటలన్నీ ఆ బండి మీద నా చెవిలోకి వచ్చేవి.

కాలనీ క్వార్టర్ గోడలు పలచన. ఇటు గుసగుసలాడితే అటు పక్కవాళ్లు ఊఁ కొట్టేవాళ్లు. అందుకని మా సంసారంలోని ముఖ్యమైన సంగతులన్నీ జన్నారం అడవిలోనే జరిగాయి. తనకు రెండో నెల అని ఆమె చెప్పింది అక్కడే. నేను వినలేదనుకుని ఇంకోసారి గొంతు చించుకుని చెప్పింది. తోవ పక్కన కట్టెల మోపులతో పోతున్న ఆడవాళ్లు నిలబడి, మోపులు పట్టుకుని నవ్వారు. నేను బ్రేకు వేసి, ఏం చేయాలో తోచక బండి దిగి మళ్లీ ఎక్కాను. ఆ కడుపున పుట్టిన బిడ్డే ఇప్పుడు నాకు కొత్త బండి కొనిపించింది.

చెవి ఒక్కసారిగా పోలేదు. గని మోత వల్లనో, వయసు వల్లనో, అదెప్పుడు మొదలైందో చెప్పలేను. రిటైరై మందమర్రి నుంచి కరీంనగర్‌కు వచ్చాక పొద్దున్నే పిట్టలు కూయడం మానేశాయి. పట్నం కదా, పిట్టలెక్కడివి అనుకున్నాను. తర్వాత గోడ గడియారం చప్పుడు పోయింది. మా ఇల్లు బస్టాండు వెనక సందులో. నేను మాత్రం కనపడినవాళ్లందరికీ కరీంనగర్ ఎంత నెమ్మదైన ఊరో అని చెప్పేవాణ్ణి. పక్కింటాయన ఆ మాటకు నన్ను ఎగాదిగా చూశాడు. వాళ్లింటి పెళ్లి బాజాలు అప్పటికి రెండు రోజులుగా మోగుతున్నాయట.

కొత్త బండితో ఇంకో చిత్రం జరిగింది. బస్టాండు చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగాను. ఆకుపచ్చ దీపం పడింది. క్లచ్ వదిలాను, బండి కదలలేదు. అది ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియలేదు. నేను తీరిగ్గా కిందికి చూస్తూ, వెనక ఇంతమంది ఉన్నా ఒక్కరూ హారన్ కొట్టడం లేదు, ఎంత ఓపిక గల మనుషులు అని మెచ్చుకుంటున్నాను. ఎవరో వచ్చి భుజం కుదిపాడు. అతని మొహం చూస్తే ఓపిక గల మనిషిలా లేడు.

అయినా నేను ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది రంజన్ల అంగట్లో. ఎండాకాలం మొదట్లో నీళ్లకు మట్టి రంజన్ కొనడానికి పోయి, అలవాటుగా వేలి కణుపుతో ఒకదాన్ని తట్టాను. ఏమీ పలకలేదు. ఇంకోదాన్ని తట్టాను. అదీ అంతే. వరసగా ఏడెనిమిది తట్టాను. అన్నీ ఒకేలా, దుప్పటి కింద పెట్టి కొట్టినట్టు ఉన్నాయి. ఏదో ఒకటి పట్టుకుని ఇంటికి వచ్చాను. తెల్లారేసరికి దాని పగులులోంచి నీళ్లన్నీ గచ్చు మీదికి వచ్చేశాయి.

“సర్దార్ సాబ్ తెచ్చిన రంజనా గిది?” అని మా ఆమె పడీ పడీ నవ్వింది. ఎదురుగా నిలబడి అంది కాబట్టి ఆ మాట నాకు అందింది. నేనూ నవ్వాను. ఏడవాలనిపించింది.

అప్పటి నుంచి దాచడం మొదలుపెట్టాను. గనిలో మెషిన్ల మోతలో మేము పెదవులు చూసే మాట్లాడుకునేవాళ్లం, ఆ విద్య బాగా పనికొచ్చింది. ఎప్పుడూ మనిషికి ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఫోన్ వస్తే నీకే అని ఆమె చేతికి ఇచ్చేవాణ్ణి. ఆమె వంటింట్లో పొయ్యి వైపు తిరిగి ఏదైనా చెబుతున్నప్పుడు మాత్రం పెదవులు కనపడవు. భుజాలు కదులుతుంటాయి, చేయి గరిటెతో సహా లేస్తుంది, నేను గడప దగ్గర నిలబడి తల ఊపి “ఆ” అంటాను. గనిలో కర్ర పట్టుకుని ముప్పై ఏళ్లు ఒక్కసారి కూడా వినకుండా తల ఊపనివాణ్ణి, ఇంట్లో రోజుకు యాభైసార్లు ఊపేవాణ్ణి. సిగ్గుగా ఉండేది. చెబితే ఇంకా సిగ్గు.

ఒక రోజు కొత్త బండి సర్వీసుకు పోయింది. అంగడికి పాత బండి తీశాను. ఆమె ఎప్పటిలాగే ఒక పక్కకు కూర్చుంది. చేతుల్లోకి, అరికాళ్లలోకి ఆ పాత వణుకు పాకింది. తిరిగి వచ్చేటప్పుడు గీతా భవన్ చౌరస్తా దాటామో లేదో, నా ఎడమ చెవిలో వెచ్చగా ఊపిరి తగిలింది.

“కొత్తిమీర మర్శిపోయిన! బండి తిప్పు!”

ఆ మాట మొత్తం వినపడింది. ఎడమ చెవి కొంచెం నయం. దానికితోడు ఇంత దగ్గరగా, ఇంత గట్టిగా అరవడం ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు. అందులోని విసుగుతో సహా, చివర కొంచెం పైకి లేచే ఆ యాసతో సహా ఆమె గొంతు నాకు అందింది. చాలా నెలల తర్వాత అదే మొదటిసారి. కళ్లలో నీళ్లు తిరిగాయి, పొగ అని చెప్పాను.

కొత్త బండి మీద అది కుదరదు. దాని వెనక సీటు ఎత్తు, ఆమె నోరు నా నెత్తికి పైన ఎక్కడో ఉంటుంది. నా తలకు హెల్మెట్. పైగా బండి చప్పుడు చేయదు కాబట్టి ఆమె మెల్లగా మాట్లాడుతుంది. మెల్లగా మాట్లాడితే నాకు ఏమీ లేదు. అందుకని ఆమెతో ఎక్కడికి పోవాల్సి వచ్చినా కొత్త బండికి ఏదో ఒక రోగం అంటగట్టేవాణ్ణి. టైరులో గాలి లేదు. బ్రేకు జర పట్టేస్తుంది. “అంత మంచి బండి పెట్టుకొని గీ పొగ బండి మీద తిప్పుతవేంది?” అని ఆమె చెవిలో తిట్టేది. ఆ తిట్టు కోసమే నేను తిప్పేది.

పోయిన ఏడు దసరా ఇంకా మూడు రోజులు ఉందనగా ఉట్నూర్ నుంచి మా బామ్మర్ది బస్సు దిగి వచ్చాడు. ఒక చేతిలో సీతాఫలాల సంచి, ఇంకో చేతిలో బంతిపూల దండ, కొబ్బరికాయ, రెండు నిమ్మకాయలు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, చేను చేసుకుంటాడు. మా ఇద్దరి మధ్య ఎక్కిరింపులే తప్ప మామూలు మాటలు తక్కువ. కూర్చోమంటే కూర్చోలేదు. నేరుగా వరండాలోకి పోయి పాత బండి చుట్టూ తిరిగాడు.

“ఇగ తాళం చెయ్యి ఇయ్యి బావా. పొద్దుగూకకముందే అడివి దాటాలె.”

“ఏం తాళం?”

“గిదేం మాట! అక్క ఫోన్ల చెప్పింది. బావ సరే అన్నడు, బండి కొంచవోరా అన్నది. దసరాకు మా ఇంటికాడ పూజ చేసుకుంట.”

నేను మా ఆమె వైపు చూశాను. ఆమె గడపలో నిలబడి సూటిగా నా మొహంలోకి చూస్తోంది. “మొన్న వంటింట్ల అడగలేనా? తమ్ముడు చేన్లకు పోనీకి పాత బండి అడుగుతుండు, ఇద్దామా అంటే, నువ్వు ఆ అన్నవు,” అంది.

నాకు ఆ పొద్దు గుర్తుకొచ్చింది. ఆమె చింతపండు పిసుకుతోంది, వీపు నా వైపు ఉంది. పులుసు గురించి ఏదో అంటోందనుకుని తల ఊపాను. నా బండిని నేనే తల ఊపి ఇచ్చేశాను.

బామ్మర్ది దండ సీటు మీద పెట్టి కిక్కు కొట్టసాగాడు. పది కొట్టాడు, పదిహేను కొట్టాడు, అంగీ తడిసింది గానీ బండి మొరాయించింది. “నీ లెక్కనే ఉంది బావా, ఎవ్వలి మాట ఇనది,” అన్నాడు. నేను పోయి చోక్ లాగి, కిక్కును సగం దాకా నెమ్మదిగా దించి, మూడోసారికి స్టార్ట్ చేసి ఇచ్చాను. అలవాటు చొప్పున చేసిన పని అది. ఆమె పసుపు కుంకుమల గిన్నె తెచ్చింది. వాడు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి కొబ్బరికాయ పైకెత్తాడు.

ఇవ్వనని చెప్పడం కష్టమేమీ కాదు. మనసు మారిందంటే సరిపోతుంది. కానీ మా ఆమె తన తల్లిగారింటికి మాట ఇచ్చింది, నా పేరు చెప్పి ఇచ్చింది. నేనిప్పుడు కాదంటే, అక్క ఒట్టి మాట చెప్పిందని తమ్ముడు పండుగ పూట ఉత్త చేతులతో బస్సెక్కుతాడు. ఇచ్చేస్తే ఆమె గొంతు ఆ బండితో పాటు అడవిలోకి పోతుంది. అబద్ధం చెబితే ఆమె పరువు పోతుంది, ఊరుకుంటే నాకు అందే ఆమె మాట పోతుంది. మిగిలింది నా పరువు ఒక్కటే.

“ఆగురా,” అన్నాను. “బండి ఇయ్యను.”

“ఇయ్యనంటే? అక్కకు సరే అన్నవట గద?”

“నేను ఇన్లే.”

“ఇనకుంట సరే ఎట్లన్నవ్?”

“నాకు చెవులు ఇనవడ్తలేవురా. ఏడాదిన్నర సంది. ఊకనే తలకాయ ఊపుతున్న.”

కొబ్బరికాయ వాడి చేతిలో అట్లాగే ఉండిపోయింది. “నీకా?” అన్నట్టు వాడి పెదవులు కదిలాయి. “చెవుల సర్దార్‌కు?” జీవితంలో మొదటిసారి మా బామ్మర్ది నన్ను చూసి నవ్వలేదు. నేను బండి వైపు చూపించి, ఆమె మాట ఇప్పుడు దీని మీదే నాకు అందుతుందని, ఎట్లా అందుతుందో, చిన్న పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె వైపు చూడలేదు.

వాడు సీటు మీది దండ తీసి హ్యాండిల్‌కు వేశాడు. కొబ్బరికాయ కొట్టాడు. “తెచ్చిన దండ మళ్ల పట్కపోతరా ఎవ్వలన్న?” అన్నాడు. తర్వాత నా ఎడమ చెవి దగ్గరికి వంగి, వీధంతా వినేలా అరిచాడు. “ఐతె కొత్తదన్న ఇస్తవా బావా?”

అన్నం తిని, మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు. మా ఆమె గిన్నెలు కడిగింది, ఉతికిన బట్టలు మడత పెట్టింది. ఎండ కొంచెం దిగాక చేతిలో గుడ్డ సంచితో వచ్చి, బతుకమ్మకు గునుగు పూలు కావాలని సైగ చేసి, దండ వేసి ఉన్న బండి పక్కన నిలబడింది.

హెల్మెట్ పెట్టుకోలేదు. పోలీసులు ఆపితే ఆపనీ అనుకున్నాను. మానేరు కట్ట ఎక్కాం. వానాకాలం నీళ్లు కట్ట అంచు దాకా నిండి ఉన్నాయి, ఆకాశం ఏదో నీళ్లు ఏదో విడదీయడం కష్టంగా ఉంది. ఆ మధ్యలోంచి మా బండి నెమ్మదిగా పోతోంది. అప్పుడు ఆమె గడ్డం నా భుజం మీద ఆనింది.

“నాకు ఎప్పుడో ఎరుకే.”

“ఎప్పటిసంది?”

“రంజన్ తెచ్చిన కాడికెల్లి.”

“మరి అడగలే?”

“నీయంతల నువ్వు చెప్తవని చూసిన.”

“ఎరుకైతె తమ్మునికి బండి ఎట్ల ఇస్తనన్నవ్?”

“అడిగిన, నువ్వు ఊపినవ్. ఊపితె నమ్మొద్దా? గనిల అంతమంది నమ్మలేదా?”

కొంత దూరం పోయాక ఆమె మళ్లీ అంది. “ఏడాదిన్నర సంది నేనొక్కదాన్నే మాట్లాడుకుంటున్న.” అరుస్తోంది కాబట్టి ఆ గొంతులో కోపం ఉందో, ఏడుపు ఉందో తెలియలేదు. అరుపులో రెండూ ఒకటే. నా తప్పు నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. నేను నా చెవులనే దాచాననుకున్నాను, ఆమెను ఒంటరిని చేశానని అనుకోలేదు.

“గవన్ని మళ్ల చెప్పు,” అన్నాను. “మొదటికెల్లి చెప్పు.”

“గవన్ని యాడ యాదుంటయ్? చిన్న చిన్నయే.”

చిన్న చిన్నవే. పాలవాడు ఏమన్నాడో, బిడ్డ ఫోన్లో ఎందుకు చిరాకు పడిందో, పొద్దున మోకాలు ఎందుకు పట్టేసిందో. ఎవరూ రాసి పెట్టుకోనివి. ఏడాదిన్నర మాటలు నా ముందే గాలిలో కలిసిపోయాయి, నేను వాటికి తల ఊపాను. అవి ఇక ఏ డాక్టరు దగ్గరికి పోయినా రావు. నాకు చాలా దుఃఖం వచ్చింది. బండి వేగం తగ్గించాను గానీ ఆపలేదు. ఆపితే ఆమె భుజం మీద నుంచి లేస్తుందని భయం.

“ఒక్కటి యాదికున్నది,” అంది కొంచెం ఆగి. “శ్రావణంల మా అవ్వ కలలకొచ్చింది. పొద్దుగాల లేషి నీకు చెప్పిన. నువ్వు మంచిగైంది అన్నవు.”

ఆమె తల్లి పోయి అప్పటికి నాలుగేళ్లు. నేను ఏ మాటకు మంచిగైందని అన్నానో, ఏ మొహంతో అన్నానో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

“అవ్వ ఏమన్నది?” అని అడిగాను.

ఊపిరి చెవికి తగులుతూనే ఉంది. నీళ్ల మీద తెల్ల కొంగల గుంపు లేచి, అవతలి ఒడ్డు వైపు పోయింది.

“మా ఊళ్ల వాకిట్ల నిలవడ్డది. కరీంనగర్ల మాట్లాడెతందుకు మనిషున్నడా బిడ్డా అన్నది.”

“నువ్వేమన్నవ్?”

“ఉన్నడన్న.”